విజిట్ చీరల పెట్టె

శనివారం పొద్దున నాగలక్ష్మమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారకముందే తలస్నానం చేసి, మొదటి బస్సుకు రాయదుర్గం రోడ్డులోని ఆంజనేయస్వామి గుడికి పోవాలి. తమలపాకుల మాల వేయించి, కొబ్బరికాయ కొట్టి, ఎండ ముదిరేలోగా షెడ్డుకు తిరిగి రావాలి. మధ్యాహ్నం షెడ్డు తనిఖీకి అధికారి వచ్చేసరికి నుదుట సిందూరంతో, గుండెలో ధైర్యంతో గుమ్మంలో నిలబడాలి. సిందూరం పూజారి ఇస్తాడు. ధైర్యం మాత్రం స్వామి ఇస్తేగానీ దొరికే సరుకు కాదు. వారం రోజులుగా ఆమెకు కన్ను మూతపడడం లేదు.

భయానికి కారణం ఉంది. గుమ్మఘట్ట అవతలి పల్లెలో ఆమె నడిపే మహిళా సేవా సంఘం ఇరవై ఏళ్లుగా విదేశీ దాతల సొమ్ము మీద బతికింది. ఒక షెడ్డులో రాగి లడ్లు, శెనక్కాయ చిక్కీలు చేసి చుట్టుపక్కల పల్లెల్లో బక్కచిక్కిన పిల్లలకు పంచడం సంఘం పని. పోయిన ఏడు దాతలు మర్యాదగా చేతులు జోడించారు. ఇక తాము ఇవ్వలేమనీ, ప్రభుత్వం తన హాస్టళ్లకు ఇలాంటి తినుబండారాలే కొంటోంది కనుక టెండరు వేసి పోటీపడమనీ చెప్పారు. అడిగి తెచ్చుకోవడమే తెలిసిన సంఘానికి పోటీపడి అమ్మడం నేర్పమని అనంతపురం నుంచి జయంతి అనే అమ్మాయిని పంపారు. వాళ్ల చివరి సాయం అదే.

వానలు మొహం చాటేసిన ఏళ్లలో బెంగుళూరుకు కూలికి పోయిన ఆడవాళ్లను "రండమ్మా, ఊర్లోనే పని చూపిస్తా" అని వెనక్కి పిలిచింది నాగలక్ష్మమ్మే. ఇప్పుడు తనిఖీలో నెగ్గక ఈ టెండరు తప్పితే షెడ్డుకు తాళం పడుతుంది, వాళ్లు మళ్లీ మూటలు కట్టుకుని బస్సెక్కాలి. పొయ్యి దగ్గర పనిచేసే గంగక్క నిన్ననే అడిగింది. "అక్కా, మావాడు పదో తరగతి ఈ బడిలోనే చదువుతాడు కదా?" నాగలక్ష్మమ్మ వినిపించనట్టు రాగులు చెరుగుతూ ఉండిపోయింది.

జయంతి చెప్పిన పాఠం సులువుగానే ఉంది. "అమ్మా, ఇచ్చేవాడికి మన లేమి చూపిస్తే ఇస్తాడు. కొనేవాడికి మన సత్తువ చూపించాల. మిషన్లు ముందర పెట్టండి, స్టీలు డ్రమ్ములు తళతళ మెరవాల. తలకు టోపీ, చేతికి గ్లౌజు లేకుండా ఒక్కరూ కనపడకూడదు." అందరూ తలలూపారు. సంఘంలో మొదటినుంచీ ఉన్న ముసలి బయమ్మ ఒక్కతే రాగి మూటల మీద పడుకుని గురక పెట్టింది. "తెల్లదొరల్నే ఇరవై ఏండ్లు చేతుల్లో పెట్టుకోని తిప్పినదాన్ని. ఈ పాప నాకేం నేర్పుతాది?" అని ఆమె ముందే చెప్పి మరీ పడుకుంది. పెద్దది కదా అని నాగలక్ష్మమ్మ లేపలేదు.

బయమ్మ మాటలో అబద్ధం లేదు. దాతలు చూడడానికి వచ్చే రోజును సంఘంలో విజిట్ అనేవాళ్లు. విజిట్ పనులన్నీ బయమ్మవే. ఆమె దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. అందులో మాసికలు వేసిన పాత చీరలు, ఉతికి మడిచి, మనిషికొకటి. విజిట్ నాడు అందరూ అవి కట్టుకోవాలి. మిషన్లు చూస్తే "మీకన్నీ ఉన్నాయే" అని దాతలు వెళ్లిపోతారేమోనని, రాగులు వేయించే రోస్టరూ ప్యాకింగ్ మిషనూ లగేజీ ఆటో తోలే తిప్పేష్ వాళ్ల పెరట్లో, ఎండిన శెనక్కాయ కట్టెను కుప్పగా పేర్చిన వామి కిందికి పోయేవి. పగిలిన కుండలు ముందుకొచ్చేవి. గంగక్క ముందు వరుసలో కూర్చునేది, ఎందుకంటే 'వాన' అనే మాట చెవిన పడితే చాలు, ఆమెకు కన్నీళ్లు కారిపోతాయి. అది నటన కాదు. ఎండిన చేనూ, అమ్ముకున్న ఎద్దులూ ఆమెకు అప్పుడే గుర్తొస్తాయి.

ఇది మోసమా, కాదా అని నాగలక్ష్మమ్మ ఎన్నో శనివారాలు స్వామిని అడిగింది. ఆ చీరలు ఒకప్పుడు నిజంగా కట్టినవే. కుండలు నిజంగా పగిలినవే. మానిన పుండును మళ్లీ మళ్లీ చూపించడం అబద్ధం కిందికి వస్తుందా స్వామీ? స్వామి ఇంతవరకు జవాబివ్వలేదు.

గుడిలో వరుసలో నిలబడి ఉండగా జయంతి ఫోను చేసింది. "అమ్మా, ఆఫీసరు మధ్యాహ్నం కాదంట, పొద్దున్నే వస్తారంట. నేను బస్సులో ఉండా. మీరు తొందరగా పోండి."

నాగలక్ష్మమ్మ వరుసలోనుంచి పక్కకు జరిగింది. షెడ్డుకు ఫోను చేస్తే రోస్టరు మోతలో మిగతావాళ్లకు వినపడక బయమ్మ ఎత్తింది.

"బయమ్మా, ఆఫీసరు ఇప్పుడే వస్తాండారంట. నేనొచ్చేలోపల అందరికీ చెప్పి షెడ్డు సర్దిపిచ్చు."

"నువ్వేం భయపడొద్దు మ్మే. నేనుండా కదా."

ఆ మాట ఎంత చల్లగా ఉందంటే, నాగలక్ష్మమ్మకు వారం రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి సాఫీగా ఆడింది. కొబ్బరికాయ కొడితే లోపల పువ్వు వచ్చింది. "శుభమమ్మా" అన్నాడు పూజారి. ఆమె కళ్లకద్దుకుని బయటికి వచ్చి, ఊరివైపు పోయే ఆటో ఎక్కి, సగం దూరం వచ్చాక ఒక్కసారిగా ఉలిక్కిపడింది. జయంతి పాఠం చెప్పిన రోజు బయమ్మ నిద్రపోయింది!

షెడ్డుకు మళ్లీ ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. విజిట్ నాడు సెల్‌ఫోను కూడా రేకు పెట్టెలోకి పోతుందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఊరి మలుపులో తిప్పేష్ లగేజీ ఆటో ఎదురొచ్చింది. వెనకాల బొంత కప్పిన పెద్ద ఆకారమొకటి ఊగుతోంది. నాగలక్ష్మమ్మ తన ఆటో దిగి రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా తిప్పేషా, ఏమది?"

"ఏముంది చిన్నమ్మా, ప్యాకింగ్ మిషను. ఊరు చుట్టూ తిప్పి తీసుకపోయి వామి కింద పెట్టమనింది బయమ్మవ్వ. రోస్టరు ముందు ట్రిప్పులోనే పోయింది."

"అయ్యో నా కర్మా! వెనక్కి తిప్పప్పా!"

"యాడికి తిప్పేది? ఆడ జీపొచ్చి నిలబడుకోనుండాది. ఈ మిషనుతో దొరికితే ఆ ముసలామె నన్ను బతకనిస్తాదా?" అని తిప్పేష్ ఆటో ముందుకు దూకించాడు.

నాగలక్ష్మమ్మ పరుగెత్తింది. యాభై దాటాక ఆమె పరుగెత్తడం ఊర్లో ఎవరూ చూడలేదు. ఎవరింట్లో ఏం జరిగిందోనని ఇద్దరు ముగ్గురు ఆమె వెంట పడ్డారు.

షెడ్డు ముందర తెల్ల జీపు ఉంది. లోపలికి చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. రోస్టరు ఉండాల్సిన చోట మూడు పగిలిన కుండలు. టోపీలు లేవు, గ్లౌజులు లేవు. కొత్త పాఠం విన్న ఆడవాళ్లందరూ బయమ్మ కసురుకు తలొంచి మాసికల చీరల్లో గోడవారగా కూర్చున్నారు. పక్కింటి నుంచి తెచ్చిన కుంటి మేకపిల్ల ఒకటి స్తంభానికి కట్టి ఉంది. మధ్యలో కుర్చీలో మెడనిండా బంతిపూల దండతో, హారతి పళ్లెం ముందర, ఒక లావుపాటి పెద్దమనిషి చిరునవ్వు నవ్వుతున్నాడు.

"నెలకు ఎంత సరుకు ఇవ్వగలరమ్మా?" అని అడుగుతున్నాడు ఆయన.

"యాడ సామీ," అంది బయమ్మ. "ఇద్దరికి జరమొచ్చిందంటే ఆ నెల పొయ్యే ఎలగదు."

"మిషన్లేమన్నా ఉన్నాయా?"

"మిషనా! అది ఎట్లుంటాదో ఫోటోలో చూసినాము."

నాగలక్ష్మమ్మ ముందుకు పడింది. "లేదు సార్! ఉండాయి సార్, మిషన్లుండాయి!"

"ఎక్కడున్నాయి?"

"వామి కింద సార్."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. బయమ్మ చప్పున అడ్డం వచ్చింది. "శనివారం ఒక్కపొద్దు సామీ ఆయమ్మకు. కడుపు మాడి తల తిరుగుతాంది. మిషన్లు, మోటార్లు అని ఊరికే పలవరిస్తాంటాది. కూచో మ్మే, నీళ్లు తాగు."

"పాపం," అన్నాడాయన. ఇంకేం మాట్లాడాలో తోచనట్టు, "ఈసారి ఇక్కడ వానలెట్లున్నాయి?" అన్నాడు.

గంగక్క బావురుమంది. ఆమెను చూసి పక్కామె, పక్కామెను చూసి ఇంకో ఆమె. మేకపిల్ల కూడా అరిచింది. ఆయన రెండు లడ్లు తిని, పగిలిన కుండకు ఫోటో తీసుకుని, దండ తీసి మేక మెడలో వేసి లేచాడు. "ఇంక చూడాల్సిందేమీ లేదమ్మా," అన్నాడు సంతోషంగా.

ఆ మాట నాగలక్ష్మమ్మకు తాళం పడ్డ చప్పుడులా వినిపించింది. జీపు దుమ్ము రేపుకుంటూ పోయాక ఆమె అక్కడే చతికిలబడింది. ఆమె కళ్ల ముందు బెంగుళూరు బస్సు, దాని పైన మూటలు, కిటికీలో గంగక్క కొడుకు మొహం.

"చూసినావా మ్మే, ఎంత కరిగిపోయినాడో!" అంది బయమ్మ చీర కొంగు దులుపుకుంటూ. "వీడు తప్పకుండా ఇస్తాడు."

"ఆయన ఇచ్చేవాడు కాదు బయమ్మా, కొనేవాడు! మన సత్తువ చూడనీకి వచ్చినాడు!"

బయమ్మ కొంగు దులపడం ఆపింది. "అట్లయితే నాకు ముందే చెప్పొద్దా?"

"చెప్పినాము. నువ్వు నిద్రపోయినావు."

"నిద్రపోతే లేపకూడదా?"

అంతలో జయంతి బస్సు దిగి రొప్పుతూ వచ్చింది. కుండలనూ చీరలనూ మేకనూ ఒకసారి కలియజూసి తల పట్టుకుంది.

"ఇంకా రాలేదు కదా అమ్మా?"

"వచ్చి పోయినాడు పాపా. అంతా అయిపోయింది."

"పోయినాడా? ఆఫీసరు ఆడమనిషి కదమ్మా, కృపాకుమారి గారని! నేనూ ఇంకా చూడలేదు కానీ, ఫోన్లో మాట్లాడినాను." జయంతి గుమ్మం బయట జీపు చక్రాల జాడ వైపు చూసింది. "ఆ వచ్చినాయన లావుగా, తెల్ల జీపులో, చేతికి కడియం వేసుకోనుండాడా?"

"ఊ."

"అయితే జయరాముడు! ఇన్నాళ్లూ హాస్టళ్లకు సరుకు తోలే కాంట్రాక్టరు. ఈ టెండర్లో మనకు పోటీ ఆయనే. మన బలమెంతో చూసుకోని పోనీకి వచ్చినాడు. ఎల్లుండిలోగా ఎవరి రేటు వాళ్లు వేయాల కదా."

నాగలక్ష్మమ్మకు ప్రాణం లేచొచ్చి, వెంటనే మళ్లీ పోయింది. అసలు అధికారి ఇంకా రాలేదు. అంటే ఏ నిమిషమైనా వస్తుంది. మిషన్లేమో వామి కింద ఉన్నాయి!

తర్వాత జరిగింది ఆ పల్లె చాలాకాలం చెప్పుకుంది. మాసికల చీరల్లోనే ఆడవాళ్లందరూ తిప్పేష్ పెరటికి పరుగెత్తారు. బయమ్మకు భయపడి తిప్పేష్ వామిని చక్కగా, గట్టిగా పేర్చాడు. కట్టెను చేతులతో పీకి, రోస్టరును బయటికి లాగి, ఆటోలో ఎక్కించి పంపేసరికి అందరి తలల నిండా చెత్త. రెండో ట్రిప్పుకు ఆటో మొరాయించింది. తిప్పేష్ దాన్ని తన్నాడు, తిట్టాడు, చివరికి దండం కూడా పెట్టాడు. అది కదల్లేదు.

"మోసుకోనే పోదాం పట్టండి," అంది నాగలక్ష్మమ్మ. భయం మనిషికి ఎంత బలమిస్తుందో ఆమెకు ఆ రోజే తెలిసింది.

నలుగురు ప్యాకింగ్ మిషను ఎత్తుకుని వీధిలో పది అడుగులు వేశారో లేదో, గంగక్క చెయ్యి జారింది. మిషను ఒక పక్కకు ఒరిగింది. అప్పుడే అటు వచ్చిన ఒక స్కూటీ ఆగింది. హెల్మెట్ కింద మొహానికంతా చున్నీ చుట్టుకున్న ఒకావిడ చూస్తూ నిలబడింది.

"ఏమ్మే, అట్ల గుడ్లప్పగించి చూస్తే ఎట్ల?" అని అరిచింది బయమ్మ. "పుణ్యముంటాది, వచ్చి ఈ పక్క చెయ్యెయ్యి!"

ఆవిడ హెల్మెట్ తీసి స్కూటీకి తగిలించి, వచ్చి చెయ్యి వేసింది.

"అన్నం తినలేదా ఏమి పొద్దున? గట్టిగా ఎత్తమ్మా! ఆఁ, అట్ల!"

షెడ్డులో మిషను దింపేసరికి ఆవిడ చున్నీ చెమటతో తడిసింది. రాగి మూట మీద కూలబడితే గంగక్క చెంబుతో నీళ్లూ, ఒక లడ్డూ ఇచ్చింది. ఆవిడ లడ్డు తింటూ, "ఇంత బరువైన మిషను వీధిలోకి ఎందుకొచ్చింది?" అని అడిగింది.

"అదొగ పెద్ద కతలేమ్మా," అంది బయమ్మ ఆమె పక్కనే కూలబడుతూ. "ఆఫీసరు వస్తాడంటే వామి కింద దాచినాం. వచ్చినోడు ఆఫీసరు కాదంట. ఇప్పుడు అసలు ఆఫీసరమ్మ వస్తాందంట. ఆయమ్మకు తెలీకుండా మళ్లీ సర్దుతాండాం. నువ్వు ఎవురికీ చెప్పొద్దు తల్లీ."

"చెప్పను," అంది ఆవిడ.

ఆ గొంతు విని, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన జయంతి నెత్తిమీది స్టీలు డ్రమ్ము జారి కింద పడింది. అది దొర్లుకుంటూ పోయి కుండలకు తగిలి, మూడు పగిలిన కుండలనూ పూర్తిగా పగలగొట్టింది.

"మేడం!" అంది జయంతి.

కృపాకుమారి చేతులు దులుపుకుని లేచింది. "సెక్రటరీ ఎవరు?"

నాగలక్ష్మమ్మ ముందుకు వచ్చింది. తలనిండా శెనక్కాయ కట్టె. ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నుదుట స్వామి సిందూరం ఉంది. ఆ సిందూరంతో అబద్ధం ఎట్లా ఆడేది?

"ఈయమ్మ చెప్పిందంతా నిజమే మేడం. ఇరవై ఏండ్లుగా లేనిది చూపించి తెచ్చుకున్నాం. ఉండేది చూపించేది మాకింకా అలవాటు కాలేదు. తప్పు వీళ్లది కాదు, నాది."

కృపాకుమారి ప్యాకింగ్ మిషను వైపు తిరిగింది. "మిషను వేయండి," అంది.

ప్యాకింగ్ మిషను ఒకసారి దగ్గి, పసుపు రంగు దుమ్ము కక్కి, పని మొదలుపెట్టింది. మొదటి ప్యాకెట్టు నిండా శెనక్కాయ కట్టె తుంపులు వచ్చాయి, నాలుగు పక్కలా చక్కగా అతికి. నాగలక్ష్మమ్మ కళ్లు మూసుకుంది. కృపాకుమారి ప్యాకెట్టును వెలుతురుకు పెట్టి చూసి, రెండు చేతులతో గుంజి చూసి, "సీలు బాగానే పడింది" అని సంచిలో వేసుకుంది. రోస్టరు చూసింది, రాగులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత పైకప్పు వైపు చూస్తూ, "వాన వస్తే ఇక్కడ కారుతుందా?" అంది.

గంగక్క బావురుమంది.

"గమ్మునుండు మ్మే!" అని బయమ్మ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టింది. "ఈయమ్మ కొనేదంట!"

అధికారి ఇంకేమీ మాట్లాడకుండా స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. తర్వాతి రోజుల్లో నాగలక్ష్మమ్మ ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే ఇంకా ఉలిక్కిపడేది. గంగక్క బడి సంగతి అడగడం మానేసింది. ఒక సాయంత్రం ఆమె ఇంటిముందు బొంతలు ఎండలో ఆరేసి ఉన్నాయి. దూరప్రయాణానికి ముందు ఆరేసినట్టు. అది చూసి నాగలక్ష్మమ్మ దారి మార్చి నడిచింది. స్వామికి ఎన్ని కాయలు మొక్కిందో ఆమెకే లెక్క తప్పింది.

చివరికి జయంతి ఫోను చేసినప్పుడు ఆమె ముందు గోడను పట్టుకుని, తర్వాతే మాట్లాడింది.

"అమ్మా, మనకే వచ్చింది!"

"ఏమి వచ్చింది పాపా?"

"టెండరు! మేడం మనల్ని పాసు చేసినారు. ఏం రాసినారో తెలుసా? 'యంత్రాలు ఉన్నవి, పనిచేయుచున్నవి, బరువు స్వయముగా పరిశీలించడమైనది' అని. ఇంక రేటు సంగతి. ఆడ మిషను లేదు, మనిషి లేడు, సెక్రటరీకి మతి కూడా సరిగా లేదని జయరాముడు అందరికీ చెప్పినాడంట. పోటీ లేదనుకోని రేటు ఆకాశానికెత్తి వేసినాడు. మనది అందులో ముప్పాతిక కూడా లేదు."

నాగలక్ష్మమ్మ ఫోను పెట్టేసి గంగక్క ఇంటికి పోయి, ఆరేసిన బొంతలను తనే మడిచి లోపల పెట్టింది. గంగక్క వాన అనే మాట లేకుండానే ఏడ్చింది.

మరుసటి శనివారం నాగలక్ష్మమ్మ స్వామి ముందు చాలాసేపు నిలబడింది. గెలిపించింది తను చెప్పిన నిజమా, బయమ్మ ఆడిన అబద్ధమా అని అడిగింది. ఎప్పటిలాగే జవాబు రాలేదు. రెండింటికీ కలిపి కాయలు కొట్టి వచ్చింది.

ఆ విజిట్ చీరల పెట్టెను కాల్చిపారేయమని జయంతి గట్టిగా చెప్పింది. ఇక మనం అడిగేవాళ్లం కాదు, అమ్మేవాళ్లం అంది. నాగలక్ష్మమ్మ సరేనంది. బయమ్మ ముక్కు చీదుకుంటూ పెట్టె తలకెత్తుకుని పోయింది.

హాస్టళ్లకు లడ్లు పోయాయి, చిక్కీలు పోయాయి. పిల్లలు తిన్నారు. బిల్లు మాత్రం రాలేదు. నాగలక్ష్మమ్మ మంచి చీర కట్టుకుని ఆఫీసుకు పోయినప్పుడల్లా గుమాస్తా తల ఎత్తకుండానే "పైనుంచి రావాలమ్మా" అనేవాడు. బెల్లం అంగడి ఆయన పలకరించడం మానేశాడు.

ఒక సాయంత్రం ఆమె బయమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఆ పెట్టె కాల్చేసినావా?"

"యాడ కాల్చేది? వామి కింద ఉండాది."

"నాకొకటి తీయి. రేపు గంగక్కను కూడా నాతో రమ్మను."

మరుసటి రోజు ఆ ఆఫీసులో గుమాస్తా తల ఎత్తి, మాసికల చీరలు చూసి, ఏదో ఒకటి అడగాలి కదా అని "మీ పక్క వానలెట్లున్నాయమ్మా?" అన్నాడు. బిల్లు మధ్యాహ్నానికే పాసైంది.